పెద్దల్లుడి ఫ్యూజు

పరుపుల దుకాణం, వెనక గది

తమ్ముడికి,

ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం, పడవ ఒక్కటే బాగాలేదు. ఉత్తరం ఇంటికి రాకుండా నువ్వు పనిచేసే ఓడల యార్డుకి ఎందుకొచ్చిందా అని కంగారుపడకు. మీ ఇంట్లో ఫోను మామయ్యగారి మంచం పక్కనే ఉంది. కళ్ళ ఆపరేషనయ్యి కట్టు కట్టిన దగ్గర్నుంచి ఆయన చెవులు మరీ పదునెక్కాయని మా మరదలు చెప్పింది. మన తోడల్లుళ్ళ గుట్టు ఆయన చెవిన పడకూడదని ఉత్తరమే మేలనుకున్నాను.

ఆపరేషనుకి మీ ఊరు బయల్దేరుతూ ఆయన రేవులో నా చేతికి పడవ తాళాలిచ్చారు. వానలు వెనకబట్టి, ప్రయాణికులు రావడం మొదలయ్యే ముందు రేవు ఇన్‌స్పెక్టరు వచ్చి పడవని పరీక్ష చేస్తాడు కదా. "నీ సొంత బుర్రతో దాన్ని పాస్ చేయించు, ఇక నువ్వే నడుపుకో. లేదంటే లాంచీల కాంట్రాక్టరుకి అమ్మేస్తా" అన్నారు. సొంత బుర్ర అన్న చోట ఆగి, నా మొహంలోకి చూసి, చిన్నగా దగ్గారు కూడా.

నా సంగతి నీకు తెలియనిది కాదు. పెళ్ళికి ముందు నుంచీ మా అన్నయ్య దుకాణంలో దూది కూరి పరుపులు కుడుతున్నాను. ముక్కులో దూది, కంచంలో దూది, కలలో కూడా దూదే. సెలవు రోజున మామయ్యగారి పక్కన నిలబడి స్టీరింగు పట్టుకున్న ఆ కాసేపే నాకు ఊపిరాడేది. ఆ పడవ చెయ్యిజారిపోతే నేను జన్మంతా ఊళ్ళోవాళ్ళు పడుకోవడానికి పరుపులు కుట్టుకుంటూ కూర్చోవాలి.

ఇక పడవ జబ్బు. హారన్ నొక్కితే అది అరవదు, మూలుగుతుంది. వెంటనే గదిలో దీపాలు కునుకుతాయి. ఎవరూ అడక్కుండానే అద్దం తుడిచే వైపరు లేచి అటూ ఇటూ ఊగుతుంది. ఫ్యూజు బోర్డు మూత తీసి చూస్తే అన్నీ పాతకాలపు గాజు గొట్టాల ఫ్యూజులు. వాటిని పట్టుకునే రేకులు చిలుము పట్టి పచ్చగా ఉన్నాయి. ఒక ఫ్యూజు మాడిపోయింది, దానికి ఎవరో సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టి మళ్ళీ పెట్టేశారు.

నువ్వు ఓడల మధ్య బతికేవాడివి. నీకు ఈ చిన్న పడవ ఒక లెక్కా? ఏం చెయ్యాలో రాయి. మామయ్యగారికి తెలిస్తే అది నా సొంత బుర్ర కాదంటారు కాబట్టి చదివి చింపెయ్.

నీ అన్నయ్య

*

ఓడల యార్డు

అన్నయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి, బాగా ఆలోచించి, ఒక రోజు ఆగి రాస్తున్నాను. మాలాంటివాళ్ళం నోటికొచ్చింది చెప్పం.

ముందు ఆ వెండి కాగితం సంగతి. ఫ్యూజు ఉన్నదే తను చచ్చి పడవని బతికించడానికి. దాన్ని చావనివ్వకుండా కాగితం చుట్టినవాడు మనిషి కాదు. అలాంటి వెధవని లంగరుకి కట్టి నీళ్ళలో వదలాలి. వాడు తండ్రి పేరు చెప్పుకుని బతుకుతున్నాడా, లేక అదీ లేదా? కాగితం చుట్టి ఉన్నంత సేపూ తీగలు లోపల ఉడికిపోయి ఉంటాయి. అది తీసి పారేసి, సరైన ఫ్యూజు పెట్టండి. పెద్దది పెడితే పోదు కదా అని తెలివి చూపించకండి.

ఇక హారన్. దాన్ని అనుమానించకండి, అది మంచిదే. కరెంటు వెళ్ళడమే కాదు, తిరిగి ఇంటికి రావాలి. బోర్డు వెనక అడుగున ఒక రాగి పట్టీ ఉంటుంది, తిరిగొచ్చే నల్ల తీగలన్నీ దానికే బిగిస్తారు. అక్కడ ఏదో వదులైంది. వచ్చే దారి మూసుకుపోయి, మీ హారన్ కరెంటు వాళ్ళింటా వీళ్ళింటా దూరి పోతోంది. వైపరు ఊగేది అందుకే. పట్టీ విప్పి, మెరిసేదాకా గీకి, బిగించండి. ముందు బ్యాటరీ తీగ ఊడదీయండి, లేకపోతే ఇన్‌స్పెక్టరు కంటే ముందు మీరు పోతారు.

మామయ్యగారు కులాసా. కట్టు కట్టుకుని మంచంలో కూర్చుని ఎవరో ఒకరు మాట్లాడటానికి దొరక్కపోతారా అని చూస్తున్నారు.

మీ తమ్ముడు

*

పరుపుల దుకాణం, వెనక గది

తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు మామూలువాడివి కాదు. పట్టీ విప్పి చూస్తే పెద్ద మర ఒకటి వేలితో తిప్పితే తిరుగుతోంది. గీకి బిగించి హారన్ నొక్కాను. రేవులో నిద్రపోతున్నవాళ్ళంతా లేచి నన్ను తిట్టారు. అంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా కలగలేదు. ఈ మాట మీ వదినకి చెప్పకు.

నీ తిట్లు మాత్రం అచ్చం మామయ్యగారి తిట్లలా ఉన్నాయి. ఒకే ఇంట్లో ఉంటే ఇలాగే అంటుకుంటాయి కాబోలు. ఇంకో సంగతి, ఆ వెండి కాగితం ఆయన కాల్చే సిగరెట్టు పెట్టెలోదే. కాబట్టి లంగరుకి ఎవరిని కట్టాలో నువ్వే తేల్చుకో.

ఇప్పుడు అసలు విషయం. బోర్డు మీద మసి తుడిస్తే ప్రతి స్విచ్చి కిందా తెల్ల రంగుతో మామయ్యగారి చేతి రాత బయటపడింది. అయితే హారన్ అని, దీపం అని రాయలేదు. మన చుట్టాల వరసలు రాశారు. పడవని ఎవడైనా ఎత్తుకుపోయినా ఏ స్విచ్చి దేనికో తెలియకుండా గిలగిల్లాడాలని ఆయన ఎత్తు. హారన్ కింద 'మా అక్క' అని ఉంది. పెద్దత్తయ్య గొంతు నువ్వూ విన్నావు కాబట్టి దీనికి అర్థం చెప్పక్కర్లేదు. వైపరు కింద ఏముందో తెలుసా? 'చిన్నల్లుడు'. అటువైపు వాళ్ళు ఏమన్నా ఊ, ఇటువైపు వాళ్ళు ఏమన్నా ఊ. నేను పొట్ట పట్టుకుని నవ్వాను తమ్ముడూ, ఏమీ అనుకోకు. మీ వదిన పేరు దేనికి పెట్టారో ఇప్పుడు రాయను, ఆవిడ నా భుజం మీదుగా చదువుతోంది.

నవ్వి నవ్వి చివరి స్విచ్చికి వచ్చాను. 'పెద్దల్లుడు' అని ఉంది, అప్పటికే వేసి ఉంది. తీసి మళ్ళీ వేశాను. ఏమీ జరగలేదు. తీశాను, వేశాను. దీపం లేదు, చప్పుడు లేదు, ఎక్కడా చీమ కూడా కదల్లేదు. మీటరు పెట్టి చూస్తే కరెంటు వస్తూనే ఉంది, దానితో అయ్యే పనే కనబడలేదు. తీగ పడవ నేల పలకల కిందకి పోయింది, ఎటు పోయిందో అందలేదు.

ఇన్నేళ్ళు ఆయన వెనక తాళ్ళు మోశాను, డెక్కు కడిగాను, సీట్లన్నిటికీ పరుపులు కుట్టిచ్చాను. ఆయన మనసులో నేను ఇదన్నమాట, దేనికీ పనికిరాని స్విచ్చిని. నాకు నిజంగా బాధేసింది. అది ఏమిటో నీకు తెలిస్తే చెప్పు. బోర్డు మొత్తం మార్చేద్దామని ఉంది, దానికీ సలహా ఇవ్వు.

నీ అన్నయ్య

*

ఓడల యార్డు

అన్నయ్యగారికి,

వైపరు లేకపోతే వానలో పడవ రాయికి కొట్టుకుంటుంది. ఆ మాత్రం గౌరవం నాకు చాలు.

కొత్త బోర్డు సంగతి చెబుతాను వినండి. గాజు గొట్టాలు వద్దు, రంగురంగుల రెక్కల ఫ్యూజులు వేసే బోర్డు తీసుకోండి. ఏది పోయిందో చూడగానే తెలుస్తుంది. తీగలు మామూలు రాగివి కాదు, కళాయి పూసినవి కొనండి, ఉప్పుగాలికి తట్టుకుంటాయి. ప్రతి కొసకీ తొడుగు పెట్టి గట్టిగా నొక్కండి. పళ్ళతో తీగ ఒలిచి మెలిపెట్టి టేపు చుడితే, ఆ చేతులు ఇరగ్గొట్టి పొయ్యిలో పెట్టాలి. బోర్డు కింద ఎక్కడో కాదు, మనిషి ఛాతీ ఎత్తున పెట్టండి, తడి తగలకుండా.

ఇక ఆ చివరి స్విచ్చి. దీనికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. మామయ్యగారి చమత్కారం మీకు తెలుసుగా. రోజూ కరెంటు తాగుతుంది, పని చెయ్యదు, పిలిస్తే పలకదు, ఎటు పోతుందో తెలియదు. ఇంట్లో అల్లుడి లక్షణాలన్నీ ఉన్నాయి. అలంకారానికి పెట్టి ఉంటారు. తీగ కోసి పారేసి, బొక్క మూసెయ్యండి. మీ పరువూ దక్కుతుంది, బ్యాటరీ కూడా దక్కుతుంది.

ఇది రాస్తూ నేను ఎంతసేపు నవ్వానో చెబితే మీరు నాతో మాట్లాడరు.

మీ తమ్ముడు

*

రేవు, పడవ మీద

తమ్ముడూ,

అయిపోయింది. ఇవాళ పడవ మీద కూర్చునే రాస్తున్నాను. కొత్త బోర్డు ఛాతీ ఎత్తున నిలబెట్టాను, తీగలన్నీ జడ అల్లినట్టు కట్టాను. పరుపులు కుట్టే చేతులు కదా, తీగ కొసలు ఒక్కటి కూడా బయటికి పోనివ్వలేదు. ఒక్కో స్విచ్చీ వేసి చూశాను, అన్నీ పలికాయి. మీ వదిన వచ్చి చూసి, ఇంట్లో మిక్సీ ఇన్నాళ్ళూ ఎందుకు బాగుచెయ్యలేదని అడిగింది. అంతకంటే పెద్ద మెప్పు ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. ఆవిడ ఇంటికెళ్ళింది కాబట్టి చెబుతున్నాను, ఆవిడ పేరు పెట్టింది రేడియోకి.

నువ్వు చెప్పినట్టు పెద్దల్లుడి తీగ కోసేశాను. కోస్తుంటే కొంచెం కసిగానే ఉంది. పోనీలే, ఇక ఆయన బోర్డులో నేను లేను, నా బోర్డులో నేనున్నాను. ఇన్‌స్పెక్టరు వచ్చే వారం వస్తాడు. పడవకి తాళం వేసి, మెయిన్ ఆపి, రేవులో కట్టేసి వెళ్తున్నాను. దుకాణంలో పెద్ద ఆర్డరుంది, రెండు మూడు రోజులు ఇటు రాలేను.

నీ అన్నయ్య

*

ఎక్కడి నుంచి రాస్తే నీకెందుకు

ఒరే వైపరూ,

పడవ మునిగింది. కొంప ముంచావు అని ఊరికే అనే మాటని నిజం చేశావు.

పొద్దున్న ఆర్డరు అప్పజెప్పి రేవుకి వెళ్తే, నా పడవ పక్క పడవల కంటే పొట్టిగా కనబడింది. ముందు నా కళ్ళకి ఏమైనా అయిందా అనుకున్నాను. దూకి చూస్తే లోపల మోకాళ్ళ లోతు నీళ్ళు. నేను కుట్టిన సీటు పరుపులు బాతుల్లా తేలుతున్నాయి. ఇంకో పూట ఆలస్యమైతే తాడు మాత్రమే మిగిలేది.

దుకాణంలో ఉన్న బకెట్లన్నీ తెచ్చాను. మీ వదిన చీర కుచ్చిళ్ళు దోపుకుని నాతో పాటు నీళ్ళలోకి దిగింది. తోడాం, తోడాం, భుజాలు పడిపోయేదాకా తోడాం. ఆవిడ తోడినంతసేపూ నన్నొక్క మాట అనలేదు. రేడియో అలా ఆగిపోతే ఎంత భయమేసిందో నీకు చెప్పలేను. లాంచీల కాంట్రాక్టరు గట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చుని, అలాగే ఉండనియ్యి బాబూ, చవగ్గా వస్తుంది అన్నాడు.

సాయంత్రానికి నేల కనబడింది. అప్పుడు దొరికింది నువ్వు అలంకారమన్నది. పడవ అడుగున, అన్నిటికంటే కింద, ఒక చిన్న పంపు. దాని పక్కన బెండుతో చేసిన స్విచ్చి. నీళ్ళు చేరితే బెండు తేలుతుంది, పంపు దానంతటదే తిరిగి నీళ్ళు బయటికి చిమ్ముతుంది. ఇంజను ఇరుసు పక్క నుంచి రోజూ చుక్కచుక్క నీరు లోపలికి వస్తూనే ఉంటుందట. నేల పొడిగా ఉన్నప్పుడు స్విచ్చి వేస్తే అదెందుకు తిరుగుతుంది? నేను కోసిన తీగ దాని మెడ దగ్గరే వేలాడుతోంది.

ఇంజన్లోకి, బ్యాటరీల్లోకి నీళ్ళు ఎక్కలేదు, అవి ఎత్తు మీదున్నాయి. అది కూడా మామయ్యగారి పుణ్యమే. ఓడలకి వైరింగు చేసే నీకు అడుగున పంపు ఉంటుందని తెలియదా? తెలిసీ నవ్వుకోడానికి రాశావా? రెంటిలో ఏదైనా నాకు ఒకటే. ఈసారి మామయ్యగారికే ఉత్తరం రాసి, పడవ అమ్ముకోమని చెబుతాను. నాకు దూదే గతి.

అన్నయ్య అని సంతకం పెట్టడం లేదు.

*

ఓడల యార్డు, స్టోర్సు కౌంటరు

అన్నయ్యగారి కాళ్ళకి నమస్కారం.

దయచేసి మామయ్యగారికి ఉత్తరం రాయకండి. ఇది పూర్తిగా చదివి, అప్పటికీ రాయాలనిపిస్తే రాయండి.

పైన స్టోర్సు కౌంటరు అని రాశాను చూశారా? నేను ఓడలకి వైరింగు చెయ్యను. ఫ్యూజులూ తీగలూ అడిగినవాళ్ళకి అరలోంచి తీసిచ్చి సంతకం పెట్టించుకుంటాను. పెళ్ళిచూపుల్లో ఎవరో ఓడలు బాగుచేస్తాడన్నారు, నేను కాదనలేదు. వైపరుని కదా. మీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు నాకు పట్టీ ఏమిటో పుట్టీ ఏమిటో తెలియదు.

అందుకని ఏం చేశానంటే, ఇంటికెళ్ళి మామయ్యగారి మంచం దగ్గర కూర్చుని, మా యార్డుకి ఒక వెర్రిబాగుల కస్టమరు వస్తున్నాడు, అతని పడవకి ఇలా అయింది అని మీ జబ్బులన్నీ చెప్పాను. ఆయన లేచి కూర్చున్నారు. వెండి కాగితం మాట వినగానే ఆ తిట్లన్నీ తిట్టారు. నేను ఒక్క ముక్క కలపలేదు. ఆయన్ని లంగరుకి కట్టమన్నది ఆయనే. రాగి పట్టీ, కళాయి తీగ, ఛాతీ ఎత్తు, అన్నీ ఆయన చెప్పినవే. రోజూ నేను గుమ్మంలో అడుగు పెట్టగానే ఆ వెర్రాడు ఏం చేశాడని అడిగేవారు. కట్టు కింద ఆయన మొహం ఎంత కళకళలాడేదో మా ఆవిడనడగండి.

ఒక్క ప్రశ్న మాత్రం ఆయన్ని అడగలేదు. పెద్దల్లుడి స్విచ్చి. ఆ పేరెత్తితే నా గుట్టు రట్టవుతుంది. పైగా ఆ హాస్యం నాకు మరీ ఇష్టంగా అనిపించింది. మీకు బాధేసిందని మీరు రాశాక కూడా నవ్వాను. ఆ ఒక్క జవాబే నాది, పడవని ముంచింది కూడా అదే. నాకు సిగ్గుగా ఉంది అన్నయ్యా.

నిన్న మీ ఉత్తరం అందాక ఇంటికెళ్ళి, ఆ కస్టమరు పంపు తీగ కోసేశాడు, పడవ మునిగింది అన్నాను. ఆయన మంచం దిగబోయి ఆగారు. తరవాత, మనిషికేమైనా అయిందా అని అడిగారు. లేదు, భార్యా భర్తా సాయంత్రం దాకా బకెట్లతో తోడి తేల్చారని చెప్పాను.

"నా పడవలో ఆ పంపుకి మన పెద్దల్లుడి పేరు పెట్టాను. దాన్ని ఎవరూ పిలవరు, వెయ్యరు. అందరం ఇళ్ళకెళ్ళి పడుకున్నాక అదొక్కటే మేలుకుని పడవని కాస్తుంది" అన్నారు.

ఆ మాట అన్నయ్యగారికి ఎప్పుడైనా చెప్పారా అని అడిగాను. చెబితే చెడిపోతాడని చెప్పలేదట. చెప్పకపోతే ఏమవుతుందో నేను చూశాను గానీ, ఆయనతో అనే ధైర్యం లేకపోయింది.

ఆ తీగ ఎలా కలపాలో చెప్పించుకున్నాను. మెయిన్ స్విచ్చికి ముందే, బ్యాటరీ నుంచి నేరుగా తియ్యాలి, దాని ఫ్యూజు దానికి వేరే ఉండాలి. మెయిన్ ఆపేసి వెళ్ళినా దానికి కరెంటు అందాలి. చివర్లో ఆ కస్టమరు ఎవరో చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"ఎవడో ఇప్పుడు చెప్పకు. వాడి పడవ పాసయ్యాక చెప్పు."

సెలవు పెట్టి నేను రానా? బకెట్టు మొయ్యడం వచ్చు.

మీ వైపరు

*

పరుపుల దుకాణం, వెనక గది

ఒరే,

రావద్దు. నువ్వొస్తే ఇంకేదో తేల్చాల్సి వస్తుంది.

నీ ఉత్తరం మీ వదిన గట్టిగా చదివింది. మామయ్యగారి మాట దగ్గరికి రాగానే నేను దూది బస్తా వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. దూది దుమ్ము కళ్ళలో పడిందని చెప్పాను. ఆవిడ నమ్మినట్టే ఊరుకుంది. తరవాత ఇద్దరం కలిసి నిన్ను తిట్టుకుని అన్నం తిన్నాం.

తీగ కలిపాను. పరుపులు ఎండలో ఆరేశాను.

అన్నయ్య

*

రేవు, పడవ మీద

తమ్ముడికి ఆశీస్సులు.

చాలా ఆలస్యంగా రాస్తున్నాను, తీరిక లేకపోయింది. మామయ్యగారు కట్టు విప్పించుకుని బస్సెక్కేదాకా నువ్వు నోరు విప్పలేదట. అందుకు నీకు సగం క్షమాపణ మంజూరు చేశాను. మిగతా సగం మీ వదిన దగ్గరుంది, ఆవిణ్ణే అడుక్కో.

ఇన్‌స్పెక్టరు బోర్డు మూత తీసి, తీగలు చూసి, ఇది ఏ మెకానిక్కు చేశాడని అడిగాడు. పరుపులు కుట్టేవాణ్ణి అంటే నవ్వులాటకి అంటున్నాననుకున్నాడు. మెయిన్ ఆపించాడు. ఒక బకెట్టు నీళ్ళు తెప్పించి పడవ అడుగున పోశాడు. నా ప్రాణాలు అరచేతిలో ఉన్నాయి. బెండు తేలింది, పంపు గుర్రుమంది, పక్కనున్న గొట్టంలోంచి నల్లటి నీళ్ళు ఎగిరి గట్టు మీద పడ్డాయి. అక్కడ లాంచీల కాంట్రాక్టరు గంజి పెట్టిన తెల్ల చొక్కాతో నిలబడి ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు అటు తిరిగి, పంపు బలంగా ఉంది అన్నాడు. పాస్.

మామయ్యగారు నిన్న వచ్చారు. నేను దాచకుండా అంతా చెప్పేశాను. సొంత బుర్రతో చెయ్యలేదు, నీ సలహా తీసుకున్నాను, అది కూడా నీది కాదని చెప్పాను. తాళాలు తీసి చేతిలో పెట్టాను. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ముంచినప్పుడు నీ బుర్రే, తేల్చినప్పుడు నీ చేతులే. మధ్యలో సలహా నాది. అది బయటివాళ్ళ సాయమని నేనెలా అంటాను?" అన్నారు.

తాళాలు తిరిగి ఇచ్చేశారు. నేను వెండి కాగితం సంగతెత్తాను. ఆయన వెంటనే ఆకాశం కేసి చూసి, ఇవాళ గాలి బాగుందన్నారు.

ఇవాళ మొదటి ప్రయాణం. మనుషులు నిండా ఎక్కారు. ఆయన కూడా కర్ర పట్టుకుని ఎక్కారు. నేను అలవాటు కొద్దీ స్టీరింగు వదిలి పక్కకి జరిగాను. ఆయన నావైపు రాలేదు. తిన్నగా వెనక్కి వెళ్ళి, ప్రయాణికుల వరసలో, ఎవరో ముసలావిడ పక్కన కూర్చున్నారు.

స్టీరింగు ఖాళీగా ఉంది. పడవంతా నా మొహం చూస్తోంది. ఆయన జన్మలో లైఫ్ జాకెట్ తొడుక్కోలేదు, ఆ సంగతి రేవులో అందరికీ తెలుసు. నేను ఒకటి తీసుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను.

"మామయ్యగారూ, ఇది కట్టుకోకపోతే నా పడవ కదలదు" అన్నాను.

అనేసి జాకెట్ చాచి నిలబడ్డాను. ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూశారు, ఆపరేషను చేయించుకున్న ఆ కొత్త కళ్ళతో. తరవాత తల వంచి జాకెట్ తొడుక్కున్నారు. పట్టీలు బిగించడం రాక పక్కావిడని సాయమడిగారు. నేను వెళ్ళి స్టీరింగు పట్టుకుని, ఇంజను వేసి, తాడు విప్పమన్నాను.

నీ అన్నయ్య